రెండు చేతులా పూలకుండీలు

ఎదుటివాడు బరువు మోస్తూ కనబడితే అందులో సగం పట్టుకోకుండా ఉండలేని మనిషి ఆ సర్వేయరు. ఆఫీసులో ఆయన అసలు పేరు ఏనాడో మరుగునపడి, ‘సాయం సారు’ మాత్రమే మిగిలింది. బస్సు దిగుతున్న ఒక పెద్దాయన పెట్టెకు చెయ్యి వేయబోయి, పెద్దాయన దిగిపోయాక కూడా పెట్టెతో సహా తరువాతి స్టాపు దాకా ప్రయాణించిన ఘనత ఆయనది. సాయమన్నది ఆయన విషయంలో కర్తకే తెలియకుండా జరిగిపోయే క్రియ.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆయనకొక అదనపు బాధ్యత అప్పగించేవారు. నడవలేనివారు పోలింగు గదిలోకి ఇబ్బంది లేకుండా వెళ్లగలరో లేదో ముందుగా చూసి రావాలి. అందుకాయన తన బావగారినే వెంటబెట్టుకుని వెళ్లేవాడు. బావగారు గడియారాలు బాగుచేస్తారు. చాలా ఏళ్లుగా చక్రాల కుర్చీలోనే తిరుగుతారు. నోటికి మాత్రం ఏ కుర్చీ అవసరం లేదు.

కిందటిసారి బడిలోని గదిని ఇద్దరూ చూసి వచ్చారు. ‘కుర్చీ ఎక్కడా ఆగలేదు’ అని సాయం సారు తృప్తిగా రాసిచ్చాడు. తీరా పోలింగు నాడు ఆయనకు వేరేచోట పని పడింది. ఒక్కరే వెళ్లిన బావగారు గుమ్మంలో ఇరుక్కుపోయారు. నలుగురు పరుగెత్తుకొచ్చి, కుర్చీతో సహా ఆయనను బీరువాలా ఎత్తి, ఆ హడావుడిలో గోడకేసి తిప్పి దించారు. క్యూ అంతా నవ్వింది.

“ఈసారి నన్నెవడన్నా ఎత్తాడా, ఓటూ లేదు గీటూ లేదు. నా చక్రాల మీద నేను పోతేనే పోయినట్టు,” అని బావగారు ఇంట్లో తేల్చిచెప్పారు.

అప్పుడు ఆగని కుర్చీ తరువాత ఎలా ఆగింది? సాయం సారుకు ఎంతకీ అంతుపట్టలేదు. పొయ్యి దగ్గర కూర కలుపుతున్న అక్కయ్య ఆ చిక్కు విప్పింది.

“ఆగకపోవడమేంట్రా? అడ్డం వచ్చిన ప్రతిచోటా నువ్వేగా వెనక నుంచి నెట్టింది!”

“నేనా? ఎప్పుడు?”

“ఇప్పుడు నా చేతిలో గరిటె నీ చేతిలోకి ఎప్పుడొచ్చిందో, అప్పుడే!”

మళ్లీ ఎన్నికలు వచ్చాయి. బడిలో పాత మట్టి వాలు తీసేసి కొత్తగా సిమెంటు వాలుదారి కట్టారు. తనిఖీ గౌరవార్థం ప్రధానోపాధ్యాయురాలు దాని పొడవునా పూలకుండీలు పేర్పించారు. చూడముచ్చటగానే ఉంది గాని, కుర్చీకి చోటు లేదు.

“ఇవి తియ్యాలండీ,” అంటూ సాయం సారు చేతికొకటి చొప్పున రెండు కుండీలు ఎత్తాడు. బావగారి కళ్లు మెరిశాయి.

“అలాగే పట్టుకో. కింద పెట్టావంటే మీ అక్కతో చెప్తా.”

“బరువుగా ఉన్నాయి బావా!”

“అందుకే పట్టుకోమంటున్నా.”

మిగతా కుండీలను అటెండరు పక్కకు జరిపాడు. కుర్చీ వాలుదారి ఎక్కింది. గుమ్మం దగ్గర టక్కున ఆగింది. అక్కడ పాత గడప అలాగే ఉంది. బావగారు వెనక్కి లాగి, ముందుకు తోసి, చెమటలు కక్కారు. సాయం సారు ముందుకు వంగాడు, నిలదొక్కుకున్నాడు, మళ్లీ వంగాడు. కుండీల్లో మొక్కలు వణికాయి.

“అయ్యయ్యో, ఉండండి అన్నయ్యగారూ, నేను పడతా!” అంటూ ప్రధానోపాధ్యాయురాలు పరుగున వచ్చారు.

“మీరూ ఓ కుండీ తీసుకోండమ్మా,” అన్నారు బావగారు. వెనకే వచ్చిన అటెండరుకూ ఒకటి దక్కింది.

ముగ్గురూ కుండీలు మోస్తూ, ఒక మనిషి గడపతో చేస్తున్న యుద్ధాన్ని చూస్తూ నిలబడ్డారు.

“ఈ గడప కిందటిసారి కూడా ఉందా బావా?” సాయం సారు అడిగాడు.

“ఉంది. నువ్వు దాటించేశావుగా, ఇంక నీకెందుకు కనబడుద్ది?”

“రేపే వడ్రంగిని పిలిపించి కోయించేస్తానండీ,” అన్నారు ప్రధానోపాధ్యాయురాలు.

“ఆయనొచ్చేదాకా కుండీలు మాత్రం దించొద్దమ్మా.”

వడ్రంగి ఆ రోజే వచ్చాడు. ఫోను చేయడానికి ఆవిడకు ఒక చెయ్యి మినహాయింపు దొరికింది.

పోలింగు నాడు బావగారు తన చక్రాల మీద తానే గుమ్మం దాటి, ఓటు వేసి, వేలి మీద సిరా గుర్తుతో బయటికి వచ్చారు. క్యూలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

“ఎవడూ పట్టించుకోలేదురా!” అన్నారాయన, పెళ్లికొడుకంత సంబరంగా.

అక్కయ్య ఇంటి నుంచి ఇచ్చి పంపిన రెండు కుండీలతో సాయం సారు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

“ఇక దించనా బావా?”

“ఇంటికెళ్లాక.”