డెన్‌బీ గారి భయాలు

మొన్న మా స్కూలు వార్షికోత్సవానికి గడ్డాలు, మీసాలు తేవడానికి చిలకలగూడలో నాటక సామాను అద్దెకిచ్చే కొట్టుకు వెళ్లాను. గడ్డం ఎలా అంటించాలో చూపిస్తానని కొట్టతను ఒక చిన్న సీసా మూత తీశాడు. అంతే, ఆ జిగురు వాసన ముక్కుకు తగలగానే వెనక్కి తగ్గి బల్ల అంచు పట్టుకున్నాను. "ఏమైంది మేడం? గిట్ల జెర కూసోండ్రి" అని అతను స్టూలు జరిపాడు. ముప్ఫై ఏళ్లుగా పిల్లల్ని గదమాయించి బతుకుతున్నదాన్ని, ఒక జిగురు సీసాకు బెదిరిపోయానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ అలాంటి సీసాను చివరిసారి నా చేత్తో పట్టుకున్న సాయంత్రం నేనొక పని చేశాను. దాని గురించి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

డెన్‌బీ గారి పేరు మీలో చాలామంది విని ఉండరు. ఒకప్పుడు లండన్ నాటకశాలల ముందు ఆ పేరు మనిషంత అక్షరాల్లో రాసేవారట. సినిమాలూ చాలా చేశారు. నేను ఆయన్ని మొదట చూసింది నా ఎనిమిదో ఏట, సికింద్రాబాదులో ఒక ఉదయం ఆటలో. మా నాన్న రైల్వే గార్డు, ఇంగ్లీషు సినిమాలంటే పడిచచ్చేవారు. నాకు బూట్లు కొనాలని అమ్మకు చెప్పి హాలుకు తీసుకెళ్లారు. తెర మీద ఒక డాక్టరు, మొహం నిండా చిరునవ్వుతో, ఒక పాప పడుకున్న గదికి మెట్లెక్కుతూ వస్తున్నాడు. తొందర లేదు, అరుపులు లేవు, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. నేను సీటు కిందికి దూరిపోయాను. నాన్న నన్ను బయటికి లాగి, "ఓసి పిచ్చిమొద్దూ, అది నటనే" అంటూ నవ్వారు. ఆ తర్వాత నెల రోజుల పాటు నేను ఒంటరిగా డాబా మెట్లు ఎక్కలేదు. పాపం నాన్న బూట్లు కొనడం మర్చిపోవడంతో ఆ సంగతి అమ్మకూ తెలిసిపోయింది.

ఆ డాక్టరు పంతొమ్మిదేళ్ల తర్వాత మా ఊరు వచ్చాడు. డెన్‌బీ గారు పుట్టింది ఇక్కడి కంటోన్మెంటులోనే. తండ్రి దొరల పటాలంలో బ్యాండ్ మాస్టరు. ఏడేళ్లకే ఇంగ్లండు పంపేస్తే అక్కడే చదివి, నటుడై, పేరు తెచ్చుకుని, భార్య పోయాక డెబ్భై నాలుగో ఏట తిరిగొచ్చి మారేడుపల్లిలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. మా ఇంగ్లీషు నాటక సంఘం వాళ్లు బతిమాలితే ఒక నాటకం ఆడతానని ఒప్పుకున్నారు. రెండే పాత్రలు. పదవి దిగిపోయిన ముసలి జడ్జి ఒకరు, ఆయన్ని పాత ఇంట్లోంచి తీసుకెళ్లిపోవడానికి వచ్చిన కూతురు మరొకరు. నేను అప్పుడు పద్మారావు నగర్‌లో ఒక బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. కూతురి వేషానికి పరీక్ష ఇవ్వడానికి ఆయన ఇంటికి వెళ్లాను. హాల్లో నిలబడి ఉండగా పై నుంచి మెట్లు దిగుతూ వచ్చారు, అదే చిరునవ్వుతో. నేను వెనక్కి రెండడుగులు వేసి కుర్చీ మీద పడ్డాను. ఆయన నన్ను తేరిపార చూసి, "ఏందీ, గంత పరేషాన్ అయితున్నవ్?" అన్నారు.

ఆ తెల్ల మనిషి నోట ఆ మాట విని భయం మర్చిపోయి నవ్వేశాను. ఆయన్ని పెంచిన ఆయా మల్లమ్మది చిలకలగూడ. ఏడేళ్లు వచ్చేదాకా తనకు వచ్చిన కలలన్నీ ఆమె భాషలోనే వచ్చేవని, అరవై ఏళ్లకు పైగా మాట్లాడేవాళ్లు లేక ఆ మాటలు నోట్లోనే ఉండిపోయాయని ఇంగ్లీషులో చెప్పారు. వేషం నాకే ఇచ్చారు. తనను చూసి మనస్ఫూర్తిగా భయపడింది నేనొక్కదాన్నేనట.

రిహార్సల్ మొదలుపెట్టే ముందు ఆయనకొక పద్ధతి ఉండేది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఆ రోజు మనసులో ఉన్న భయమేదో పైకి చెప్పాలి. నేను దానికి 'భయం అప్పజెప్పడం' అని పేరు పెట్టాను. అవతలివాళ్లు ధైర్యం చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు, విని తల ఊపాలి, అంతే. మొదటి రోజు "నాకేం భయం లేదు సర్" అన్నాను. "అయితే ఇంటికి వెళ్లు, అబద్ధాలాడేవాళ్లతో నేను నటించలేను" అని నిజంగానే పంపేశారు. రెండో రోజు, మిమ్మల్ని చూస్తేనే భయమని చెప్పాను. చాలా సంతోషించారు. తర్వాత్తర్వాత ఎవరికీ చెప్పనివి చెప్పాను. నా గొంతు చివరి వరుసకు వినపడదని, బడిలో పిల్లలు నన్ను అసహ్యించుకుంటున్నారని, నాన్న పోతే నేనేమైపోతానో అని. పిల్లల సంగతి చెప్పిన రోజు మాత్రం తన నియమాన్ని తనే పక్కన పెట్టి ఒక మాటన్నారు. "వాళ్లను భయపెట్టడం నీకు బాగా వచ్చు గ్రేస్. నా జీవితమంతా చేసిన పని అదే కాబట్టి చెబుతున్నాను, అది చాలా తేలిక." నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి బెత్తం బీరువాలో పెట్టేశాను.

ఆయన చెప్పే భయాలు మొదట్లో తమాషాగా ఉండేవి. బల్లులంటే భయం, పత్రికలో సమీక్షలు రాసేవాళ్లంటే భయం. ఆరో వారంలో ఒక సాయంత్రం వచ్చి కూర్చున్నారు. టోపీని చేతుల్లో తిప్పుతూ, "ఇవాళ మా వీధి చివర నిలబడి ఏ వైపు తిరగాలో తెలియక అరగంట ఉండిపోయాను. ఇది మొదటిసారి కాదు. మాటలు కూడా పోతున్నాయి గ్రేస్. పేజీలకు పేజీలు చిరిగిపోతున్నట్టుంది" అన్నారు. నియమం ప్రకారం నేను తల ఊపాలి. ఊపాను. ఈ సంగతి ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నారు. తెలిస్తే సంఘం వాళ్లు నాటకం ఆపేస్తారు, ఇంగ్లండులో ఉన్న మేనకోడలు వచ్చి తీసుకుపోయి వృద్ధాశ్రమంలో చేరుస్తుంది. పుట్టిన ఊళ్లో ఒక్కసారి స్టేజీ ఎక్కాలని, అది అయ్యాక ఏమైనా ఫరవాలేదని ఆయన కోరిక.

నాటకానికి నాలుగు రోజులుందనగా ఆయన ఇంట్లో వంట చేసే యాదమ్మ నన్ను గేటు దగ్గర ఆపింది. "అమ్మా, సారు నన్ను మల్లమ్మా అని పిలుస్తున్నడు. నిన్న నా కొంగు పట్టుకొని ఇడుస్తలేడు. గంత పెద్దమనిషి, నాకు ఏమనాల్నో తెల్వదాయె. ఎవరికన్న చెప్పరాదుండ్రి?" అంది. చెబుతానన్నాను గానీ చెప్పలేదు. ఆయనతోనే గొడవపడ్డాను, కనీసం తెర పక్కన మాటలు అందించే మనిషినైనా పెట్టుకోమని. యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా తెర పక్క నుంచి మాట అందుకోలేదని, అందుకున్న రోజున తను నటుడు కాదని ఖండితంగా చెప్పేశారు. నేను ఊరుకున్నాను. ఇచ్చిన మాట కోసం ఊరుకున్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అంత పెద్ద నటుడి పక్కన నిలబడే అవకాశం చేజారిపోతుందన్న భయం కూడా అందులో ఉంది. ఆ భయాన్ని మాత్రం ఏ రోజూ ఆయనకు అప్పజెప్పలేదు.

నాటకం రోజు హాలు నిండిపోయింది. మూడో వరుసలో నాన్న కొత్త చొక్కాలో కూర్చున్నారు. మొదటి గంటా డెన్‌బీ గారు ఎలా చేశారో ఎంత రాసినా తక్కువే. నేను పక్కనుండి ప్రతి మాటకీ ముందు ఊపిరి బిగబట్టడం, మాట వచ్చాక వదలడం, అదే పని. చివరి ఘట్టం వచ్చింది. అందులో జడ్జి ఇల్లు వదిలి రానని రెండు పేజీల సంభాషణ చెప్పాలి. అది పూర్తయ్యాక నేను "కారు వచ్చింది నాన్నా, బయల్దేరు" అనాలి. ఆయన టోపీ తీసుకుని ఒంటరిగా వెళ్లిపోవాలి, తెర పడాలి. ఆయన కుర్చీలోంచి లేచి నోరు తెరిచారు. మాట రాలేదు. నా వైపు చూశారు. ఆ కళ్లలో జడ్జి లేడు, డెన్‌బీ గారు కూడా లేరు. అప్పుడాయన సన్నటి గొంతుతో, తెలుగులో అన్నారు.

"మల్లమ్మా, నీళ్లు తెస్తా అని పోయినవ్. రైలు కదిలింది. నేను కిటికీలకెళ్లి చూస్తనే ఉన్న. ఎందుకు రాలేదే?"

ఆయన నా దగ్గరికి వచ్చి నా చీర కొంగు పట్టుకున్నారు. "నాకు భయమైతుంది. చెప్పు, ఎందుకు రాలేదు?" అని మళ్లీ అడిగారు. నాకు తెలుగు వచ్చు. మనిషి ఎదురుగా ఉన్నాడు, జవాబు కోసం చూస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు, చేయి పట్టుకుని ఉండొచ్చు, తెర వేయమని సైగ చేసి ఉండొచ్చు. అన్ని వందల కళ్లు నా మీద ఉన్నాయనే భయం తప్ప నాకింకేమీ తోచలేదు. నా నోటికి వచ్చింది నాటకంలోని నా మాటే. "కారు వచ్చింది నాన్నా, బయల్దేరు" అన్నాను ఇంగ్లీషులో, చివరి వరుసకు కూడా వినపడేలా. ఆయన కొంగు వదిలేశారు. బుద్ధిగా టోపీ తీసుకుని, చెప్పినట్టు వినే పిల్లవాడిలా నడుచుకుంటూ వెళ్లిపోయారు. తెర పడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పుట్టిన ఊరి కోసం ఆయన కావాలనే ఆ తెలుగు మాటలు చేర్చారనుకున్నారు. మా నాన్న కళ్లు తుడుచుకుంటూ, "ఏం నటనమ్మా, నేను బతికుండగా చూశాను, చాలు" అన్నారు.

మేకప్ గదిలో ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆ సాయంత్రం నేనే జిగురుతో అంటించిన జడ్జి గడ్డాన్ని స్పిరిట్‌లో తడిపిన దూదితో ఊడదీశాను. జిగురు వాసన గదంతా కమ్ముకుంది. కాసేపటికి తేరుకుని ఇంగ్లీషులో చెప్పారు. ఏడేళ్లప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కించాక, ఏడవకుండా ఉండాలని మల్లమ్మను మెల్లగా తప్పుకోమన్నారట పెద్దవాళ్లు. ఆమె నీళ్లు తెస్తానని దిగింది. బొంబాయి చేరేదాకా ఆయన నీళ్లు తాగకుండా కూర్చున్నారట, ఆమె తెస్తుంది కదా అని. "జనాన్ని భయపెట్టమని ఎవరు అడిగినా నేను ఆ కిటికీ దగ్గరికే వెళ్లేవాడిని" అన్నారు. తర్వాత నా మొహంలోకి చూసి, "ఇవాళ నేను ఏమన్నాను గ్రేస్?" అని అడిగారు. "అంతా సరిగ్గానే చెప్పారు సర్" అన్నాను. మొదటి రోజు 'నాకేం భయం లేదు' అన్నాక నేను ఆయనతో ఆడిన రెండో అబద్ధం అది.

మూడు వారాలకు మేనకోడలు వచ్చింది. యాదమ్మే ఇంగ్లండుకు ఉత్తరం రాయించింది, నేను చేయని పని చేసింది. ఆ మేనకోడలు చెడ్డ మనిషేం కాదు, అలసిపోయిన మనిషి. బయల్దేరే ఉదయం వాకిట్లో కారు ఆగి ఉంది. డెన్‌బీ గారు నా చేయి వదలడం లేదు. ఆమె నన్ను పక్కకు పిలిచి, "మీరుంటే ఆయన కారెక్కరు. మందులు తెస్తానని చెప్పి మెల్లగా వెళ్లిపోండి. ఆయనకు మంచిది" అంది. వెళ్లిపోవడమే సులువు. పెద్దవాళ్లు చెప్పారు, ఆయన మంచికే చెప్పారు, ఇంకో నిమిషంలో నేను వీధిలో ఉంటాను.

వెనక్కి వచ్చి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. తెలుగులోనే చెప్పాను. "సర్, నేను రావడం లేదు. ఏదో తెస్తానని వెళ్లడం లేదు, మళ్లీ రాను కూడా. ఇంటికి వెళ్లిపోతున్నాను. మనం మళ్లీ కలుసుకోం. నాకు చాలా భయంగా ఉంది." ఆయనకు అర్థమైంది. పెద్దగా ఏడ్చారు. డెబ్భై నాలుగేళ్ల మనిషి అలా ఏడుస్తుంటే వినడం ఎంత కష్టమో చెప్పలేను. నా భుజం మీద పిడికిలితో కొట్టారు. మేనకోడలి మొహం కందిపోయింది, యాదమ్మ చెవులు మూసుకుంది. ఎంతసేపు గడిచిందో తెలియదు, ఏడ్చి ఏడ్చి అలసిపోయి తనంతట తనే లేచి కారెక్కారు. కారు కదిలినప్పుడు కిటికీలోంచి వెనక్కి చూడలేదు. ఎదురుచూడ్డానికి ఎవరూ లేరని ఆయనకు తెలుసు. నేను చేసింది మంచో చెడో నాకు ఇప్పటికీ తేలలేదు. మరుసటి ఏడు ఆయన పోయారని కబురొచ్చింది.

ఇప్పుడు మా బడిలో చిన్నపిల్లల తరగతులన్నీ నేనే చూస్తున్నాను. జూన్ మొదటి వారం వచ్చిందంటే తల్లిదండ్రులు పిల్లల్ని బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, కళ్లతోనే నాకు సైగలు చేస్తూ గోడవారగా జారుకోబోతారు. నేను గేటు దగ్గర అడ్డంగా నిలబడతాను. "చెప్తే ఏడుస్తడు మేడం, గిట్లనే పోతం" అని బతిమాలతారు, కొందరు కోప్పడతారు. "ఏడవనివ్వండి. మొహంలోకి చూసి, వెళ్తున్నాను, సాయంత్రం వస్తాను అని చెప్పి వెళ్లండి" అంటాను. వాళ్లు చెప్పి వెళ్తారు. పిల్లవాడు కేకలు పెడతాడు, కాళ్లతో తంతాడు, నేను ఎత్తుకుని తిరుగుతాను. ఇన్నేళ్లయినా ఆ ఏడుపంటే నాకు భయమే. అయినా అది నాకు వినపడాలి. ఆ సాయంత్రం చప్పట్ల హోరులో నేను వినకుండా వదిలేసింది అదే.