పాత యూనిఫాం ఫోటో

నర్సంపేట దాటాక ఉన్న ఒక సర్కారు హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెప్పేదాన్ని. ఉల్లిపొర కణాల బొమ్మ బోర్డు మీద గీయడమే తప్ప పిల్లలకు కంటితో చూపించింది లేదు. తరగతి అవసరాలకు దాతలు డబ్బులిచ్చే వెబ్‌సైటు ఒకటుందని తెలిసి, మూడు మైక్రోస్కోపులు కావాలని రాశాను. విద్యార్థి ఫోటో ఒకటి పెట్టమన్నారు.

తొమ్మిదో తరగతిలో బాగా చదివే అమ్మాయిని ఎంచుకున్నాను. మరునాడు ఆమె కొత్త యూనిఫాంలో, రెండు జడలకు రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. పత్తి ఏరే కూలికి పోయే వాళ్లమ్మ, చెంబులో నిప్పులు పోసి దాన్ని ఇస్త్రీ చేసి పంపింది. ఇంత చక్కగా కనిపిస్తే ఎవరిస్తారు అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"పాతది లేదా బిడ్డా? జర అదేసుకొని రా" అన్నాను.

ఆమె ఇంటికి పోయి, భుజం దగ్గర చిరిగినది వేసుకుని వచ్చింది. ఫోటో తీసి ఆ వెబ్‌సైటులో మా పేజీకి పెట్టాను.

నెల తిరగకుండానే మైక్రోస్కోపులు వచ్చాయి. పిల్లలు ఎగబడి చూశారు, ఆ అమ్మాయి కూడా చూసింది. నేను పొంగిపోయాను.

తరువాతి వారం వాళ్లమ్మ బడికి వచ్చింది. పక్కింటివాళ్ల ఫోన్లో ఆ పేజీ చూసిందట. చేతిలో కొత్త యూనిఫాం మడతపెట్టి ఉంది.

"మా పిల్లకు బట్టలు లేవా మేడం? నేను ఎండల కూలికి పోయేది దేనికి? జర ఇదేసి ఇంకో ఫోటో దించుండ్రి" అంది. కోప్పడలేదు. నాలుగు తిట్టినా నాకు కొంచెం తేలికగా ఉండేది.

అప్పుడే మళ్లీ ఫోటో తీసి పంపాను. నిధులు అందాయి కాబట్టి ఇక పేజీ మార్చడం కుదరదని జవాబొచ్చింది. మూడుసార్లు బతిమాలి రాశాను. అదే జవాబు. ఆ తల్లికి ఆ సంగతి చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు.

అమ్మాయి ఇంటర్‌లో చేరాక, ఒకరోజు నర్సంపేట బస్టాండులో తల్లీకూతుళ్లు ఎదురయ్యారు.

"ఫోటో మార్చిండ్రా మేడం?" అని తల్లి అడిగింది.

"మార్చిండ్రమ్మా" అన్నాను.

"నిజమేనా బిడ్డా?" అంటూ ఆమె సంబరంగా కూతురి వైపు తిరిగింది. కూతురి చేతిలో ఇప్పుడు సొంత ఫోన్ ఉంది. ఆ పేజీలో ఏ ఫోటో ఉందో ఆ అమ్మాయికి తెలుసు. నావైపు ఒకసారి చూసింది.

"అవునమ్మా, కొత్త డ్రెస్సుదే పెట్టిండ్రు" అంది.