రిమార్కుల గడిలో నేను

మా ఆయన ముప్పై రెండేళ్లు అబిడ్స్‌లో ఒక ప్రైవేటు కంపెనీ హెడ్డాఫీసులో కొనుగోళ్ల సెక్షన్ గుమాస్తా. బోల్టుల దగ్గర్నుంచి బాత్రూముల్లో చల్లే ఫినాయిల్ దాకా ఏది కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పించడం, పొడుగాటి కాగితం మీద గళ్లు గీసి మూడింటినీ పక్కపక్కన ఎక్కించడం, ఆఖరి గడిలో రిమార్కు రాసి పై అధికారి బల్ల మీద పెట్టడం ఆయన పని. దాన్ని కంపారిటివ్ స్టేట్‌మెంట్ అంటారు. ఆ మాట ఆయన పలికే తీరు వింటే అదేదో పూజా విధానం అనుకుంటారు ఎవరైనా.

ఆఫీసులో అంటుకున్న ఆ జాడ్యం ఇంట్లోకీ వచ్చింది. కుక్కరుకు స్టేట్‌మెంటు, దుప్పట్లకు స్టేట్‌మెంటు, నాంపల్లిలో మేమిప్పుడు ఉంటున్న ఈ రెండు గదుల కిరాయి వాటాకు స్టేట్‌మెంటు. మా అత్తగారు ఉన్న రోజుల్లో నన్ను ఏడిపించేవారు. "నిన్ను గూడ గట్లనే చేసుకున్నడే. ముగ్గురు ఆడపిల్లలను చూసొచ్చి కాయితం మీద గీతలు గీసిండు. నువ్వు మూడోదానివి." ఏ గడిలో నెగ్గానో చెప్పమని నేను అడిగితే, 'తక్కువ మాట్లాడుతుంది' అన్న గడిలో అనేవారు ఈయన. తన సర్వీసులో మోసపోయింది ఆ ఒక్క కొటేషన్లోనేనని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

మా పుట్టింటివాళ్లది కోస్తా. రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు ఫైళ్ల మూటలతో పాటు రైలెక్కిన గుమాస్తాల్లో మా నాన్న ఒకరు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. ఈయనది తాతల నాటి నుంచీ ఈ ఊరే. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకునే అలవాటు నాకు లేదు గానీ ఇక్కడ చెప్పక తప్పదు. ఆయన పోతే నేను, నేను పోతే ఆయన, మూడో మనిషి లేని ఇల్లు మాది.

ఆయనకు అరవై నిండాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పోగైన నిధిలో కొంత భాగం చేతికిచ్చారు. అది నా కిడ్నీల వైద్యానికి చేసిన అప్పులకు సరిపోయింది. మిగతా పద్నాలుగు లక్షలు చేతికివ్వరట. దాన్ని ఏదో ఒక బీమా కంపెనీకి కట్టి, బదులుగా నెలనెలా వచ్చే పింఛను కొనుక్కోవాలట. యాన్యుటీ అంటారు. అందులో రకరకాల పద్ధతులుంటాయి, ఒకటి ఎంచుకున్నాక ఇక మార్చుకోవడం ఉండదు.

ఆయనకు ఇంతకంటే పండగ ఇంకేముంది? నెల రోజుల పాటు నాంపల్లి నుంచి అఫ్జల్‌గంజ్ దాకా తిరిగి మూడు కంపెనీల రేట్లు పట్టుకొచ్చారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య సగం వాడని లెడ్జరు ఒకటి దొరికితే బేరమాడి కొన్నారు. చాప మీద బాసింపట్టు వేసుకుని, స్కేలు పెట్టి గళ్లు గీస్తుంటే మొహంలో ఏం కళ! ఉద్యోగం పోయినట్టే లేదు. టీ తెచ్చి పక్కన పెట్టి, "నాకూ కాస్త చెప్పండి, ఏమిటవన్నీ?" అన్నాను.

"నీకెందుకు ఫికర్? నేనున్న కద" అన్నారు.

ఆయన ఉన్నన్నాళ్లు సరే. ఆయన లేకపోతే ఏమిటన్నది కదా అసలు సంగతి. అది అడగాలని నాకు అప్పుడు తట్టలేదు. ఇల్లు గడపడం నా పని, కాగితాలు ఆయన పని అన్నట్టుగా ముప్పై నాలుగేళ్లు బతికాం. గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇప్పుడైతే ఎవరు అడిగినా నిద్రలో లేపినా చెప్పగలను. మొదటి రకం పింఛను ఆయన బతికున్నన్నాళ్లు వస్తుంది, ఆయనతో ఆగిపోతుంది, కట్టిన పద్నాలుగు లక్షలూ కంపెనీవే. రెండో రకంలో ఆయన తర్వాత నేను బతికున్నన్నాళ్లు నాకు అంతే వస్తుంది. మూడో రకంలో ఇద్దరమూ పోయాక అసలు కూడా వారసులకిస్తారు. మాకు వారసులు లేరు కాబట్టి దాన్ని ఆయన మొదటే కొట్టేశారు, అందులో తప్పు లేదు. మొదటి రకానికి నెలకు తొమ్మిది వేల అయిదు వందల అరవై. రెండోదానికి ఎనిమిది వేల ఏడు వందల యాభై. తేడా ఎనిమిది వందల పది రూపాయలు.

పాలసీ కాగితం స్పీడ్ పోస్టులో వచ్చిన రోజు ఆయన ఇంట్లో లేరు. పోస్టుమాన్ చేతిలోని ఫోను మీద వేలితో సంతకం గీకి నేనే తీసుకున్నాను. కవరు చింపలేదు. ఆయన కాగితాలు నేను ముట్టుకుంటే వరస తప్పుతాయని ఆయన గోల. బీరువాలో ఆయన చొక్కాల మీద పెట్టాను. సాయంత్రం ఆయన వచ్చి చూసుకుని ఫైల్లో పెట్టేసుకున్నారు.

రెండు నెలలు పోయాక, డాక్టరు పాత రక్తపరీక్షల కాగితం తెమ్మంటే, ఆయన స్నానంలో ఉండగా ఆ ఫైళ్ల గూడు తెరిచాను. లెడ్జరు నా చేతిలోకి జారింది. గళ్లు చూసి నవ్వొచ్చింది. వరసగా కంపెనీ, రకం, నెలకెంత, తన తర్వాత ఎంత, రిమార్కులు. మొదటి రకం చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. 'తన తర్వాత' గడిలో సున్నా. రెండో రకం ఎదురుగా రిమార్కుల గడిలో ఆయన గుండ్రటి అక్షరాలు: 'భార్య: షుగర్ పందొమ్మిదేళ్లు, కిడ్నీ. నాట్ లైక్లీ టు బి రిక్వయర్డ్.'

అవసరం పడకపోవచ్చు.

ఆ వాక్యం నాకు కొత్త కాదు. త్వరలో తుక్కుకు వేసే మెషీనుకు స్పేర్ పార్టులు కొనక్కర్లేదని చెప్పడానికి ఆఫీసులో ఆయన రాసేది అదేనని ఎన్నోసార్లు కథలుగా చెప్పారు. కొట్టివేత ఒక్కటి లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు రాలేదు, తర్వాత కూడా రాలేదు. బాత్రూములో ఆయన ఏదో పాట కూనిరాగం తీస్తున్నారు.

తల తుడుచుకుంటూ వచ్చిన మనిషి ముందు లెడ్జరు తెరిచి పెట్టాను. "నేను ముందు పోతానని లెక్క కట్టారా?" అన్నాను.

"ఏంది గట్ల లొల్లి పొద్దు పొద్దున?" అన్నారు. లెడ్జరు చూశాక గొంతు తగ్గింది. "గది రిమార్క్స్ కాలమ్. ఏదో ఒకటి రాయాలె కద. ఖాళీ ఇడిస్తే స్టేట్‌మెంట్ అధూరా అయితది."

"ఏదో ఒకటి రాయాలని నా చావు రాశారా?"

"జర ఇను. నెలకు ఎనిమిది వందల పది ఎక్కువొస్తున్నయ్. నీ గోలీలకే అయితయ్ గవి. నా కోసమా నేను చేసింది?"

ఆయన అన్నది నిజం. నా మందుల బిల్లు పింఛను మొదలైన నెల నుంచీ ఆ పైడబ్బుతోనే కడుతున్నారు. నాకు మందులు కొనడానికే, నేను ఎక్కువ కాలం బతకనని నమ్మారు. ఇందులో దుర్మార్గం ఎక్కడుందని వెతికితే దొరకదు. దొరికితే బాగుండేది, మనిషిని తిట్టుకుని అయినా తేలికపడేదాన్ని. ముప్పై రెండేళ్లు మూడు కొటేషన్లలో ఏది లాభమో చూసిన కళ్లతోనే నన్నూ చూశారు, అంతే.

మర్నాడు ఆయనతో చెప్పకుండా నాంపల్లిలో ఆ బీమా కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. కౌంటరులో ముప్పై ఏళ్లుంటాయేమో, ఒకమ్మాయి మంచిగానే మాట్లాడింది. పాలసీ నెంబరు కొట్టి చూసింది.

"ఔ అమ్మా, సార్ ఒక్కరి పేరు మీదనే ఉంది. ఆయన లైఫ్ వరకే."

"దాన్ని నాకూ వచ్చేట్టు మార్చాలమ్మా."

"ఇగ కుదరదమ్మా. పేపర్ ఇంటికి వచ్చిన కాడికెల్లి నెల రోజులు టైముంటది. నచ్చకపోతే గా నెల లోపల వాపస్ చేసి వేరేది తీసుకోవచ్చు. గది దాటిపోయింది కద."

"ఎప్పుడొచ్చిందో నాకేం తెలుసు?" అన్నాను, గొంతు పెంచి.

ఆ పిల్ల కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. తారీఖు, దాని కింద వంకర టింకరగా నా సంతకం. "గీడ చూడున్రి, మీరే తీసుకున్నరు కదమ్మా" అంది. వెక్కిరింపు లేదు ఆ మాటలో, జాలిగానే అంది. చొక్కాల మీద నేను పెట్టిన కవరులోనే ఉన్నాయన్నమాట, నేను ఆయన చేత మార్పించుకోగలిగిన నెల రోజులు. నాకు చదువు రాదా? డిగ్రీ దాకా చదివాను. కవరు చింపడానికి ఒక్క వేలు చాలేది. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో అంతా నా మీదా వచ్చింది.

ఆయన తర్వాత నాకేముందో ఇంటికి నడుస్తూ లెక్కేసుకున్నాను. ప్రావిడెంటు ఫండు వాళ్లు ఆయనకిచ్చే చిన్న పింఛనులో సగం. దానితో పాలు, కరెంటు బిల్లు వెళ్తాయి. కిరాయి వెళ్లదు. మందులు అసలే వెళ్లవు.

ఆ వేళ నుంచి మా ఇంట్లో ఆయన ఆరోగ్యం నా ఉద్యోగమైపోయింది. ఉప్పు సగం చేశాను. సాయంత్రాలు ఇరానీ హోటల్లో చాయ్, బిస్కట్లు మాన్పించాను. పొద్దున్నే పబ్లిక్ గార్డెన్స్‌కు లాక్కెళ్లి మూడు చుట్లు తిప్పుతాను. కాళ్లు వాచేది నాకు, ముందు నడిచేదీ నేనే. రెండు దగ్గులు దగ్గితే దవాఖానకు పదమంటాను. పక్క వాటా ఆవిడ అంటుంది, "సార్‌ను చంటిపిల్లగాని లెక్క చూసుకుంటున్నవ్ వదినా, ఎంత ప్రేమ!" ఆయన ఆ మాటకు మీసం దువ్వుకుంటారు. లెడ్జరు సంగతి నేను మర్చిపోయాననుకున్నారు. నేను అన్నం వడ్డిస్తూ ఆయన మొహం రంగు చూస్తాను, అది ప్రేమో కాదో నాకే తెలియడం లేదు. ఇంతకు ముందు తెలిసేది.

మొన్న ఏడాది తిరిగింది. పింఛను తీసుకునేవాళ్లు తాము బతికే ఉన్నామని ఏడాదికోసారి రుజువు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆపేస్తారు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వేలిముద్ర తీసుకుంటున్నారంటే ఇద్దరం వెళ్లాం. బస్సులు, ఆటోలు, ఎండ. మెట్లు ఎక్కుతుంటే ఆయన సగంలో ఆగిపోయారు. మొహం నిండా చెమట. ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డారు. "ఊపిరి అందుతలేదు" అన్నారు.

ఇంత చేదు కథ రాస్తున్నది ఇక్కడి దాకా వచ్చి అబద్ధం చెప్పడానికి కాదు. ముప్పై అయిదేళ్లు పక్కన పడుకున్న మనిషి అలా కూలబడితే ఏ ఆడదానికైనా ముందు ఏం రావాలి? నాకు ముందు వచ్చింది ఒకటే ఆలోచన. ఇంకా వేలిముద్ర పడలేదే అని. ఒకటో తారీఖున పింఛను ఎట్లా అని. ఆ తర్వాతే ఆయన కనబడ్డారు నాకు. తెల్లబడిన పెదాలు, నా వైపే చూస్తున్న కళ్లు.

ఎవరో నీళ్లు తెచ్చారు. ఎవరో సోడా తెచ్చారు. తాగి రెండు సార్లు గట్టిగా త్రేన్చారు, అంతే, మనిషి తేరుకున్నారు. ఆటో పిలుస్తాను, దవాఖానకు వెళ్దామంటే వద్దన్నారు. నేను బలవంతం చెయ్యలేదు. లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాను. వేలు మెషీను మీద పెట్టారు. మొదటిసారి పడలేదు, చెమటకు. నేను నా కొంగుతో ఆయన వేలు తుడిచాను. రెండోసారి పడింది. బతికే ఉన్నట్టు తెర మీద వచ్చింది.

బయటకొచ్చి మెట్ల మీద నీడ చూసుకుని కూర్చున్నాం. చాలా ఏళ్ల తర్వాత నలుగురిలో నా చెయ్యి పట్టుకున్నారు ఆయన. "బగ్గ భయపడ్డవా?" అన్నారు.

"భయపడ్డాను" అన్నాను.

మొహం వెలిగింది ఆయనకు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. "నాకేం గాదు, నువ్వు ఫికర్ చెయ్యకు" అంటూ నా చెయ్యి నిమిరారు. ఎందుకు భయపడ్డానో నేను చెప్పలేదు. ఆయన అడగలేదు.