పొడి మెట్ల లెక్క

పట్టిసీమకు కాస్త ఎగువన ఉన్న మా ఊరి రేవుకు ముప్పై ఒక్క మెట్లు. పడవ దించే ముందు రోజూ ఒక అంకె నోటుపుస్తకంలో రాయడం పందొమ్మిదేళ్లుగా నా అలవాటు. ఏడో తరగతితో బడి మానేశాను. సరాసరులు, శాతాలు పాత లెక్కల పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవే.

మా చెల్లెలి కూతురు నీటి వనరుల మీద పీజీ చేద్దామని స్కాలర్‌షిప్‌కు అప్లై చేస్తూ ఆ పుస్తకాలు అడిగి తీసుకుంది. స్కాలర్‌షిప్ రాకపోతే పై చదువు లేదు. నిరుడు రాలేదు. ఈసారి ఐదు ప్రశ్నల్లో నాలుగింటికి జవాబులు రాసేసి, ఐదోదాని దగ్గర ఆగిపోయింది. మీ పనిలో జరిగిన ఒక తప్పు గురించి రాయండి అని ఆ ప్రశ్న.

“ఏం రాశావమ్మా?” అన్నాను.

“అతిగా కష్టపడటమే నా తప్పని రాశాను మావయ్యా.”

“నిరుడో?”

“అదే.”

“నిజం తప్పేదీ లేదా?”

“అసలు తప్పు చెప్తే ఇస్తారా ఏంటి?”

సరే, మిగతావి చూపించమన్నాను. నాలుగో జవాబులో నా అంకెలతో గీసిన గ్రాఫ్ ఉంది. ఎండాకాలంలో గీత పైకి పోయింది, శ్రావణంలో అడుక్కి దిగింది. వానల్లో ఎత్తిపోతల పంపులు నీళ్లు తోడేస్తాయి కాబట్టి నది తగ్గుతుందని కింద ఒక పేరా కారణం కూడా రాసింది.

“నేను రాసింది పొడిగా ఉన్న మెట్లమ్మా. మునిగినవి కాదు.”

దాని మొహం పాలిపోయింది. వాకిట్లో వల బాగుచేస్తున్న మా చెల్లెలు పగలబడి నవ్వింది. “మావయ్యా కోడలూ కలిసి వరదల్లో గోదారిని ఎండగట్టేశారు!”

తప్పులో సగం నాది. ఏం లెక్కపెడుతున్నానో పుస్తకంలో ఎక్కడా రాయలేదు. ఆ మాటే చెప్పి, “ఐదో ప్రశ్నకు ఇదే రాయి” అన్నాను.

“నవ్వుతారు మావయ్యా.”

“మీ అమ్మ నవ్వేసిందిగా. ఇంకేం మిగిలింది?”

గ్రాఫ్ సరిచేసింది. అంకెలు చూసి కారణం అల్లేశాను, కొలిచినవాణ్ణి అడగలేదు అని ఉన్నదున్నట్టు రాసింది.

జూలైలో వీడియో ఇంటర్వ్యూకు పిలిచారు. మీ మావయ్య పైనుంచి ఎందుకు లెక్కపెడతారని అడిగారట. “నీళ్లు ఎంతొచ్చాయన్నది మాకు తర్వాతండి. అవి మా ఇల్లు చేరడానికి ఇంకా ఎన్ని మెట్లున్నాయన్నదే ముందు” అందట. ఒక్కో మెట్టు ఎత్తెంతని అడిగితే మాత్రం తెలియదని చెప్పేసిందట.

మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని రేవులో నిలబడింది. “మావయ్యా, ఆరో మెట్టు మిగతావాటికంటే రెండంగుళాలు ఎత్తుంది!” పందొమ్మిదేళ్లుగా అన్నీ సమానమనుకుంటున్నాను.

సీటుతోపాటు స్కాలర్‌షిప్ కూడా ఇచ్చామని మెయిల్ వచ్చేనాటికి పదకొండు మెట్లు కొలిచాం. మిగతా ఇరవై నీళ్లలో ఉన్నాయి. వేసవి సెలవులకు తను వచ్చేసరికి అవీ బయటపడతాయి. టేపు నా దగ్గరే వదిలి వెళ్లింది.