శేషారత్నం అక్క ఇచ్చిన ఆదివారం

మా తోడికోడలు శేషారత్నం గారు పోయారు. గుడివాడలో ఆడపిల్లల కాలేజీలో మాట్లాడటానికి బస్సెక్కి వెళ్ళి, మాట్లాడి, కుర్చీలో కూర్చుని అలాగే ఒరిగిపోయారట. ఫోనొచ్చేసరికి నేను బందరులో మా వంటింట్లో ఆవిణ్ణే తిట్టుకుంటున్నాను. చారు వేడిగా ఉంచమని చెప్పి వెళ్ళిన మనిషి పొద్దుగూకినా రాలేదు. ఆవిడ ఇక రాదని అప్పుడు తెలిసింది. పొయ్యి కట్టేయడం కూడా తోచలేదు.

సంతాపసభ పెట్టినవాళ్ళు ఆవిడ మీద వేసే సంచికకి ఇంట్లోవాళ్ళనెవరినైనా రాయమన్నారు. మా ఆయన "నాకేం తెలుసు, నువ్వే రాయి" అన్నారు. నేను చదివింది నాగాయలంక బడిలో అయిదో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మా వైపు ఆడవాళ్ళు పత్రికలకి రాయడం ఎరగని రోజుల్లోనే అక్క ఆడవాళ్ళ పనీపాటల గురించి రాసింది. సంతాపసభలో మాట్లాడినవాళ్ళంతా ఆవిడ ఆడవాళ్ళని ఉద్యోగాలు చెయ్యమందని చెప్పి కూర్చున్నారు. వినీ వినీ విసుగొచ్చింది. అది ఆవిడ చెప్పినదాంట్లో సగమే. పెళ్ళాన్ని ఉద్యోగానికి పంపి వంట కూడా ఆమె నెత్తినే పెడితే రెండు మోతలవుతాయి గానీ స్వేచ్ఛ ఎక్కడిది అనేది.

ఇంట్లో ఆవిడతో వేగడం మాత్రం మాటలు కాదు. ఆవిడ వరండాలో రాసుకునేది, నేను వండేదాన్ని. ఓసారి ఆవిడ కోసం కొందరు ఆడవాళ్ళొచ్చి ఇంటి చాకిరీ గురించి మాట్లాడుకుంటున్నారు. కాఫీలిచ్చాను. కాసేపటికి మళ్ళీ కాఫీ అంది. నాకు ఒళ్ళు మండింది.

"అక్కా, ఇదీ పనేనా, నేను ఊరికే తిరుగుతున్నానా?" అన్నాను గ్లాసులు పెడుతూ.

వచ్చినవాళ్ళు నవ్వారు. అక్క నవ్వలేదు. "పనే. పనైతే సెలవుండాలి. ఆదివారం నువ్వు వంటింట్లోకి రాకు" అంది.

"మరి తిండో వదినా?" అన్నారు మా ఆయన.

"నీకు చేతుల్లేవా ప్రసాదూ? నాకూ ఉన్నాయి."

ఆ ఆదివారం ఆవిడ ఉప్మా చేసింది. గరిట దిగలేదు. మా ఆయన ఇడ్లీల కోసం హోటల్‌కి పరిగెత్తారు. సోమవారం ఆ మాడుగిన్నెలన్నీ నేనే తోమాను. "నాకీ సెలవొద్దు తల్లీ" అని దణ్ణం పెట్టాను.

"నాకు వంట రానట్టే నీకు సెలవు తీసుకోవడం రాదు. ఇద్దరం నేర్చుకుందాం" అంది.

ఆవిడ చివరిదాకా నేర్చుకోలేదు. నన్ను మాత్రం వదల్లేదు. ఆదివారం చీపురు ముట్టుకుంటే లాక్కునేది. ఏం తోచక గుమ్మంలో కూర్చుంటే పత్రికలు ఒళ్ళో పడేసేది. "జీతం రాకపోయినా పని పనే. ఆపడానికి వీల్లేకపోతే మాత్రం అది వెట్టిచాకిరీ" అని పైనుంచి పాఠం ఒకటి. విసుక్కుంటూనే కూడబలుక్కుని చదివేదాన్ని.

నిన్నటితో కర్మలన్నీ అయిపోయాయి. ఇవాళ ఆదివారం. పొద్దున్నే మా ఆయన "వదిన పోయిందిగా, ఇంకా ఈ ఆదివారాలేంటి? లేచి కాఫీ పెట్టు" అన్నారు. ఇన్నాళ్ళూ ఇలాంటి మాటకి జవాబు అక్కే చెప్పేది. నేను నోరు విప్పే పని ఉండేది కాదు. ఇవాళ లేస్తే ఇక ప్రతి వారం లేవాలి. అది నాకు తెలుసు.

"ఇవాళ నాకు సెలవండీ" అన్నాను. మెల్లిగా అన్నట్టున్నాను, ఆయనకి వినపడలేదు. మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

ఇది రాస్తుంటే లోపలినుంచి మా ఆయన పొయ్యి మీద పెట్టిన పాలు పొంగి మాడుతున్న వాసన వస్తోంది. కాళ్ళు లేద్దామంటున్నాయి. లేవడం లేదు. అలాంటి మనిషి మా ఇంటికి మళ్ళీ రాదు. ఆవిడకి నేను పెట్టగలిగిన దణ్ణం ఇంతే.