అవ్వ అడిగిన తెల్లకూర

పోయిన నెల రాజూరాలో మా బంధువుల ఇంట పెళ్లికి వెళ్లినప్పుడు, భోజనాల పందిట్లో ఒక మూల తెల్లటి పొడుగు టోపీ పెట్టుకున్న వంటవాడొకడు పెనం ఎగరేస్తూ పాస్తా వండి పెడుతుంటే, పప్పన్నం వదిలేసి జనమంతా అక్కడే వరుస కట్టారు. నేనూ నా మనవరాలి చెయ్యి పట్టుకుని ఆ వరుసలో నిలబడ్డాను. సాస్ ఎర్రదా తెల్లదా అని అతను అడిగాడు, తెల్లదన్నాను. తింటూ తింటూ ఆ పిల్ల, తాతా, మీ కాలంలో ఇవన్నీ ఎక్కడివిలే, మీకు తెలియవు కదా, అని జాలిపడింది. పక్కనే ఉన్న నా భార్య నా ముఖం చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్విందో ఆ పిల్లకు చెప్పాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. అంత ఓపిక దానికి లేదు. మీకుందని నమ్మి చెబుతున్నాను.

మాది విరూర్ దగ్గర పల్లె, పత్తీ జొన్నా పండించే ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు అక్షరాలు మా బాపు, అంటే నాన్న, పలక మీద దిద్దించకపోతే ఇవాళ ఈ నాలుగు మాటలు రాయగలిగేవాణ్ని కాదు. నాకు సాస్తి బొగ్గుగనిలో పంపుల మీద పని దొరికింది. పెళ్లయి, బిడ్డా కొడుకూ పుట్టాక, అంతకుముందే నర్సు చదువు చదివిన నా భార్యకు చంద్రపూర్ దవాఖానలో ఉద్యోగం వచ్చింది. ఆమె బస్సుకూ నా సైకిలుకూ వీలుగా ఉంటుందని బామ్నిలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆమెకు వారానికో రకం డ్యూటీ, నాకు వారానికో రకం షిఫ్టు. ఆమె వచ్చే వేళకు నేను వెళ్లాలి, నేను వచ్చే వేళకు ఆమె వెళ్లాలి. బిడ్డకు, అంటే కూతురికి, అప్పుడు ఏడేళ్లు, కొడుకుకు నాలుగు.

పిల్లలను చూసుకోవడానికి మా అవ్వ వచ్చింది. అవ్వ అంటే మా వైపు కన్నతల్లే. ఆమెకు అప్పటికే చూపు మసకబారుతోంది, పొగకు కళ్లు మండేవి. ఒకరోజు పొద్దున అవ్వ జొన్నపిండికీ శనగపిండికీ తేడా తెలియక కలిపేసి, రొట్టె రాక అవస్థ పడుతుంటే, నేను పీట వేసుకుని కూర్చుని, లే అవ్వా నేను చేస్తాను అన్నాను. ఆ ఒక్క మాటతో ఇల్లు అంటుకున్నట్టయింది. అవ్వ చేతులు కడుక్కుని మూట కట్టుకుంది. గడప దగ్గర నిలబడి అన్న మాటలు నాకింకా చెవుల్లో ఉన్నాయి.

"నీ పెండ్లాం నౌకరి నీకు ముద్దుగనే ఉండొచ్చు బిడ్డా. గని మొగోడివి నువ్వు పొయ్యి కాడ కూసుంటె నేను ఊళ్లె ఏ మొఖం పెట్టుకొని తిరుగుడు? నీ చేతి కూడు నేను తిననురా."

నా భార్య ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని, ఉద్యోగం మానేస్తానంది. ఏడుస్తూ అనలేదు, లెక్క చూసుకున్నట్టు నెమ్మదిగా అంది, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. నర్సు చదువు కోసం ఆమె తన ఊరి నుంచి రోజూ ఎంత దూరం నడిచేదో నాకు తెలుసు. మానొద్దు, రేపటి నుంచి వంట నాది అన్నాను. అన్నానే గానీ, అప్పటిదాకా చాయ్ తప్ప నేను పెట్టి ఎరగను.

మొదటి నెల సంగతి చెప్పుకోవడానికి ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు రాలేదు. అన్నం అడుగంటితే పైది తీసి పెట్టేవాణ్ని, పప్పు ఉడకకపోతే మళ్లీ నీళ్లు పోసి చారు అనేవాణ్ని. పిల్లలు ఎంత బుద్ధిమంతులంటే, మారు మాట్లాడకుండా తిని, కంచాలు కడిగి బోర్లించేవారు. ఆ మౌనమే నన్ను పోటీకి దింపింది. గనిలో మోటారు పాడైతే విప్పి, ఎక్కడ తేడా ఉందో చూసి, మళ్లీ బిగించేవాళ్లం కదా, వంటను కూడా అట్లాగే పట్టుకున్నాను. ఇవాళ ఎన్ని నీళ్లు పోశాను, ఎంతసేపు ఉంచాను, ఏం తప్పింది అని ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. మాటలు తెలుగువి, లిపి మరాఠీది. చేతికి అలవాటైన అక్షరాలు అవే కదా.

మా వెనక గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో బల్లార్షా స్టేషన్‌లో గార్డుగా చేసి రిటైరైన ఒక క్రిస్టియన్ ముసలాయన, ఆయన భార్య ఉండేవారు. పిల్లలు ఆమెను రైల్వే ఆంటీ అనేవారు. పువ్వుల గౌను వేసుకుని, గోడ మీద మోచేతులు ఆనించి, నేను మాడ్చిన గిన్నెలు తోముతుంటే చూసేది. ఒకరోజు ఆమె హిందీలో, గిన్నెలు తోమడం బాగా వచ్చింది, ఇక వంట నేర్చుకో, అని నన్ను తన వంటింట్లోకి పిలిచింది. నా రెండో జన్మ అక్కడ మొదలైంది.

వెన్న కరిగించి, మైదా వేసి, పచ్చివాసన పోయేదాకా సన్న మంట మీద వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే తెల్లటి చిక్కటి సాస్ వస్తుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగితే ఉండలు కడుతుంది. నాకు నాలుగుసార్లు ఉండలు కట్టింది, ఐదోసారి కుదిరింది. పాస్తాలో గొట్టాల రకం మాకరోని ఉడికించి, అందులో అది కలిపి పెడితే పిల్లలు రెండు ముద్దలు తిని ఆగిపోయారు. చప్పగా ఉందని నోటితో అనరు, కళ్లతో అంటారు. అప్పుడు నాకు తోచింది చేశాను. నూనెలో వెల్లుల్లి, ఎండుమిరపకాయ, నాలుగు కరివేపాకు రెబ్బలు చిటపటలాడించి పైన పోశాను. గిన్నె నాకేశారు. మర్నాడు ఆంటీకి రుచి చూపిస్తే, ఇది మాకరోని కాదు అని, ఇంకొంచెం పెట్టమని గిన్నె చాపింది.

అక్కడి నుంచి నా చేతికి పట్టపగ్గాలు లేవు. బల్లార్షా స్టేషన్ బయట బండి మీద నూడుల్స్ చేసే నేపాలీ ఆయన, ఉడికిన వెంటనే చన్నీళ్లు గుమ్మరించకపోతే ముద్దైపోతాయని చెబితే, ఇంటికొచ్చి అట్లాగే చేసి, చివర్న పల్లీల పొడి చల్లాను. మిగిలిన ముద్దపప్పులో ఆలుగడ్డ పిసికి, బ్రెడ్డు పొడి అద్ది కట్లెట్లు కాల్చాను. జొన్నరొట్టెతో టమాటా సూపు, అన్నంలోకి పచ్చిపులుసుతో పాటు గుడ్డు ఆమ్లెట్టు, పొద్దున బేకరీ బ్రెడ్డు మీద చింతకాయ పచ్చడి. దేనికి ఏది జోడో చెప్పే పెద్దలు మా వంటింట్లో లేరు కాబట్టి నాకు అడ్డే లేదు. బడిలో నా బిడ్డ డబ్బా మూత తీస్తే చుట్టూ పిల్లలు మూగేవారట. ఎవరు చేశారని టీచరమ్మ అడిగితే, మా బాపు, అని లేచి నిలబడి చెప్పిందట. కూర్చుని చెప్పినా సరిపోయేది. నిలబడి చెప్పింది.

ఇంత జరుగుతున్నా అవ్వ మాత్రం రెండేళ్లు మా గడప తొక్కలేదు. నేనే ఊరికి వెళ్లి చూసొచ్చేవాణ్ని. మా పెద్దబాపు, బాపుకు అన్న, రచ్చబండ మీద కూర్చుని, నలుగురూ వినేటట్టు, పప్పులో ఉప్పెంత వెయ్యాలి అని నన్ను అడిగేవాడు. నాకు సిగ్గనిపించేది కాదు గానీ, ఇంట్లో అవ్వ తల దించుకోవడం చూస్తే గుండె కలుక్కుమనేది.

ఇంతలో అవ్వ కళ్లు బాగా చెడ్డాయి. నా భార్య ఊరుకోక, తనే వెళ్లి బతిమాలి తీసుకొచ్చి, చంద్రపూర్‌లో ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించింది. ఆ కంటికి పట్టీ, రెండో కన్ను ఎప్పటినుంచో మసక. నలభై రోజులు వంగకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, కారం తగ్గించాలి. ఇక వచ్చిన చిక్కల్లా తిండి దగ్గరే. నా చేతి కూడు తిననన్న మనిషి. నా భార్య నన్నూ పిల్లలనూ పక్కకు పిలిచి గుసగుసగా చెప్పింది.

"అత్తకు చెప్పకుర్రి. అడిగితె నేనే వండిన్నని చెప్పుర్రి."

ఆ వారం రోజులూ దొంగల్లా బతికాం. నేను వండేవాణ్ని, నా భార్య ఇంట్లో ఉంటే కంచం తను పట్టుకెళ్లేది, డ్యూటీకి పోయినప్పుడు బిడ్డ పట్టుకెళ్లి, అమ్మ వండిపోయింది బాపమ్మా, అనేది. కారం లేకుండా అవ్వకేం పెట్టాలా అని ఆలోచించి, ఆంటీ నేర్పిన స్టూ చేశాను. క్యారెట్టు, ఆలుగడ్డ, బీన్సు మెత్తగా ఉడికించి, మైదా బదులు బియ్యప్పిండి పాలలో కలిపి పోసి, మిరియాలు దంచి వేసి, చివర్న రవ్వంత నెయ్యిలో జీలకర్ర. మెత్తటి అన్నంలో కలిపి పంపాను. తలుపు చాటున నిలబడి విన్నాను. వేళ్లతో ఊడ్చిన చప్పుడు వినబడింది, కంచం ఖాళీగా వచ్చింది.

ఎనిమిదో రోజు పొద్దున నేను ఉల్లిగడ్డ కోస్తున్నాను. నా భార్య డ్యూటీకి వెళ్లిపోయింది. లోపలి గదిలోంచి అవ్వ నన్నే పిలిచింది.

"కొడుకా, మొన్న వండిన తెల్లకూర మల్ల వండరాదు."

కత్తి అక్కడే పెట్టేసి లేచాను. దగ్గరికి వెళ్లి, నీకెట్ల ఎరుకనే అవ్వా, అని అడిగాను.

"పట్టీ కండ్లకు గట్టిండ్రు గని చెవులకు గట్టిండ్రా? ఒక్క గాజు సప్పుడు లేకుంట గంత వంట మీ ఇంట్ల ఇంకెవలు చేస్తరురా? మొదటి దినమే ఎరుక."

మరి తింటివి కదనే, అన్నాను. అవ్వ, "మంచిగున్నది, తిన్న" అంది. అంతే. తిననన్న మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ రోజు స్టూ చేస్తుంటే పాలు పొంగించాను, అంత చెయ్యి తిరిగినవాణ్నై ఉండీ. కళ్లు సరిగ్గా కనబడలేదు, ఉల్లిగడ్డ ఘాటేనని ఇప్పటికీ అంటాను.

ఆ తర్వాత అవ్వ వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చునేది. ఒకరోజు మాకరోని, ఒకరోజు బియ్యప్పిండితో కాల్చే సర్వపిండి. మాకరోనిని పురుగుల్లాగున్నయి అని, వద్దు వద్దంటూనే రెండుసార్లు పెట్టించుకునేది. నూనె ఎక్కువైందనేది, మంట తగ్గించమనేది, ఆ కసుర్లలో నాకు ఎంత సంతోషముందో మా వయసువాళ్లకు నేను విడమరిచి చెప్పనక్కరలేదు.

నలభై రోజులయ్యాక ప్యాసింజరు బండిలో అవ్వను నేనే ఊరికి తీసుకెళ్లాను. రచ్చ మీద పెద్దబాపు ఉన్నాడు, ఇంకో నలుగురూ ఉన్నారు. ఏం మరదలా, కోడలు మంచిగ వండి పెట్టిందా, అని అడిగాడు. అవ్వ నల్లద్దాలు సరిచేసుకుని గట్టిగానే చెప్పింది.

"కోడలెందుకు వండుతది బావా, ఆమె నౌకరి చేస్తది. నా కొడుకు వండిపెట్టిండు. నీ కొడుకు నీకెన్నడన్న ఒక్క పూట పెట్టిండా?"

పెద్దబాపు చుట్ట వెలిగించుకోవడంలో మునిగిపోయాడు. గనిలో నాకు మంచి పనివాడని శాలువా కప్పిన రోజు కూడా ఉంది గానీ, ఆ శాలువా ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. ఆ మాట మాత్రం పోలేదు.

అవ్వ ఊళ్లో మళ్లీ పొయ్యి దగ్గరే కూర్చుంది, కూర్చోకుండా ఉండలేకపోయింది. నాలుగేళ్లకు పోయింది. రైల్వే ఆంటీ వాళ్లు జబల్‌పూర్ వెళ్లిపోయారు. ఇప్పుడు మేం చంద్రపూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాం. కోడలు బ్యాంకుకు పోతుంది, వాడు ఇంట్లో ఉన్న రోజు వాడే వండుతాడు, ఎవరూ వింతగా చూడరు, ఎవరూ మెచ్చుకోరు కూడా. మెచ్చుకోకపోవడమే సరైనదని నాకు తెలుసు. కోడలు కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటూ ఇంకొంచెం పెట్టమని కంచం చాపుతుంది, వాడు పెడతాడు, అంతటితో సరి.

అది చూసినప్పుడల్లా మా ఇంటి గురించి నాకు గర్వంగానే ఉంటుంది. కానీ ఆ వెంటనే ఒక లెక్క మనసులోకి వస్తుంది. మా అవ్వ పదేళ్ల పిల్లగా పొయ్యి ముట్టించింది మొదలు పోయేదాకా మా అందరికీ వండి పెట్టింది. ఆమె ఊరికే కూర్చుని, ఇంకొకరు తనకోసమని వండి తెస్తే తిన్నది, ఆ బతుకు మొత్తంలో, ఆ నలభై రోజులే. అది కూడా కళ్లు పోబట్టి.