లింక్ రాడ్లకు ఇంకో చుట్టు

రెండు ఇనుప కడ్డీలతో ఒక కారునూ, ఒక అత్తగారినీ, ఒక కౌలురైతు ఏడాది కష్టాన్నీ ఒక్క మధ్యాహ్నంలో ముంచడం ఎలాగో తెలుసుకోవాలంటే నాకంటే బాగా చెప్పేవాళ్ళు మీకు ఈ జిల్లాలో దొరకరు. నవ్వాలనిపించిన చోట నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

నాలుగేళ్ళ క్రితం మాట. అప్పటికే ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. భూమ్మీద కదిలే ప్రతి వస్తువూ నా అనుమతి తీసుకునే కదులుతుందన్న భ్రమలో ఉండేదాన్ని. మా బండి ఏడు సీట్లది. గుంటూరు సందుల్లో అది మలుపు తిరుగుతుంటే కొట్లవాళ్ళు లేచి అరటిగెలలు లోపలికి జరుపుకునేవారు. అంతటి బండికి ఒకటే జబ్బు, ఊగడం. కుడికి తిప్పితే ఎడమకు ఒరిగి, తాగొచ్చినవాడు గోడ పట్టుకుని ఆలోచించినట్టు కాసేపు ఆలోచించి, అప్పుడు లేచేది.

మా అత్తగారి పుట్టిల్లు కనిగిరి. ఒంగోలు దాటామంటే చీమకుర్తి రాళ్ళ లారీలు ఎదురవుతాయి, ఒక్కోదాని మీద ఒక్కో ఇల్లంత బండ. లారీని దాటడానికి నేను స్టీరింగ్ తిప్పడం, బండి ఒరగడం, వెనక సీట్లో అత్తగారు నిమ్మకాయ ముక్కుకు అదుముకుని దేవుళ్ళను పేరుపేరునా పిలవడం, ఇదీ మా ప్రయాణం.

"అమ్మాయ్, ఇది కారా, తిరునాళ్ళలో రంగులరాట్నమా?"

"ఎత్తు బండి కదా అత్తయ్యా, దీని గురుత్వ కేంద్రం పైన ఉంటుంది."

"అది ఎక్కడుంటే నాకెందుకే? నా ఇడ్లీ గొంతులో ఉంది. బండాపు!"

ఆవిడ దిగేది. నేను నీళ్ళ సీసా పట్టుకుని వెనక నిలబడేదాన్ని. ఇరవై రెండేళ్ళ ఫిజిక్స్ ఒక ఇడ్లీ ముందు ఓడిపోవడం నేను భరించలేకపోయాను.

రెండు వారాలు ఇంటర్నెట్ మీద పడి చదివాను. కారు కింద ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య వంకర కడ్డీ ఒకటి ఉంటుంది. చదువుకున్నవాళ్ళు స్వే బార్ అంటారు, మన మెకానిక్కులు స్టెబిలైజర్ బార్ అంటారు. దాని కొసలను చక్రాల వైపు తగిలించే పొట్టి కడ్డీలు లింక్ రాడ్లు. మలుపులో బండి ఒరగబోతే ఈ బార్ మెలితిరిగి, 'నువ్వొక్కదానివే పైకి పోతానంటే కుదరదు' అని రెండు చక్రాలనూ ఒక్క స్థాయికి లాగుతుంది. బార్ ఎంత లావైతే పట్టు అంత గట్టి, ఊగడం అంత తక్కువ. అక్కడితో చదవడం ఆపేశాను. తర్వాతి పేరా కూడా చదివి ఉంటే ఇవాళ మీకు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ముందుకొకటి, వెనకకొకటి, నా మణికట్టంత లావు బార్లు తెప్పించాను. వాటికి తగ్గ లింక్ రాడ్లు కూడా. అన్నీ తీసుకెళ్ళి మా మెకానిక్ సుభానీ గారి షెడ్డులో దించాను. ముప్పై ఏళ్ళుగా బండ్ల కింద పడుకున్న మనిషాయన. బార్‌ను ఒక చేత్తో ఎత్తి చూసి, మెల్లగా కింద పెట్టాడు.

"మేడమ్, బండి రోడ్డు మీదే తిప్పుతారా? పొలం డొంకల్లోకి కూడా పోతారా?"

"నా బండి ఎక్కడికి పోతే మీకేంటండీ? బిగించండి."

"అది కాదు మేడమ్. ఇంత లావుది వేస్తే ఏ చక్రానికి ఆ చక్రం..."

"సుభానీ గారూ, టార్క్ అంటే ఏంటో నేను పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను."

"నేను చేత్తో తిప్పుతాను మేడమ్," అని ఆయన బండి కిందికి దూరాడు. అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు.

అంతటితో ఊరుకున్నానా? స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. ఆయన లింక్ రాడ్డు నట్టు బిగించి పానా తీయబోతే, "ఇంకో చుట్టు" అన్నాను. తిప్పాడు. "ఇంకో చుట్టు." తిప్పాడు. మూడోసారి పానాకు పైపు తొడిగి, కాలు దన్నుపెట్టి తిప్పి, నుదురు తుడుచుకున్నాడు.

"ఇట్టా బిగిస్తే మళ్ళీ విప్పలేం మేడమ్."

"విప్పాలని ఎవరికుంది?"

ఈ మాట గుర్తుంచుకోండి.

నిజం చెప్పాలి, ఆ వారం నేను మహారాణిని. కనిగిరి వెళ్ళొచ్చాం. రాళ్ళ లారీలను ఒకదాని వెనక ఒకటి దాటాను. బండి బల్లపరుపుగా, గీత గీసినట్టు పోయింది. వెనకనుంచి కేకల్లేవు, దేవుళ్ళు లేరు. ఇంటి ముందు దిగి అత్తగారు నిమ్మకాయను చూసుకుని, "దీన్ని పప్పులోకన్నా పిండుకోవచ్చు," అంది. పెళ్ళయినప్పటినుంచి ఆవిడ నోట నేను విన్న మొట్టమొదటి మెప్పు అది. నా బుర్ర అక్కడే చెడింది.

మా ఆరెకరాల నల్లరేగడి మార్తమ్మ కౌలుకు చేస్తుంది. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఊళ్ళో అందరి చేలల్లో కాయలు కోసిన మనిషి, ఆ ఏడు మొదటిసారి సొంతంగా మిరప వేసింది. పురుగు తినకుండా కాపాడింది, తెగులు రాకుండా కాపాడింది, కోసి కల్లంలో ఎండబోసింది. ఎండిన కాయ మీద వాన పడిందంటే రంగు దిగి, తెల్లబడి తాలు అవుతుంది. తాలు కాయను మార్కెట్ యార్డులో ఎవరూ కన్నెత్తి చూడరు. మార్తమ్మకు ఇక కావలసిందల్లా ఇంకో నాలుగెండలు, పైన కప్పడానికి పట్టాలు.

బండి రోడ్డు మీదే ఆపి, నడిచి కల్లం చూడటానికి వెళ్ళిన రోజున ఆమె పాత టార్పాలిన్లు చూశాను. అతుకు మీద అతుకు.

"ఇవి పట్టాలా మార్తమ్మా, జల్లెళ్ళా? అవతల పారెయ్. కొత్తవి నేను తెస్తాను."

"మీకెందుకమ్మగారూ శ్రమ, టౌను నుంచి ట్రాక్టరొస్తంది, దాన్లో వేయిచ్చుకుంటా."

"నా అంత బండి ఉండగా ట్రాక్టరెందుకు? ఇప్పుడది ఊగదు కూడా!"

మార్తమ్మ తలూపింది. ఊగకపోవడానికీ పట్టాలకూ సంబంధమేంటని అడగలేదు, మర్యాదస్తురాలు.

రెండో రోజు మధ్యాహ్నం ఫోను. "అమ్మగారూ, పడమట మబ్బు దిగతాంది. పట్టాలు బయల్దేరినయ్యా?"

"బయల్దేరాయి!" అన్నాను. నాలుగు పట్టాల చుట్టలూ వెనక వేసుకున్నాను. "ఊగని బండి కదా, నేనూ కల్లం చూస్తాను," అని అత్తగారు కూడా ఎక్కి కూర్చుంది.

తారు రోడ్డు మీద ఎగిరిపోయాం. రోడ్డు దిగి డొంకలోకి తిరిగాం. నల్లరేగడి డొంక తెలుసు కదా మీకు? వానాకాలంలో ట్రాక్టర్లు చేసిన గాడులు ఎండాకాలానికి రాయిలా బిగుసుకుని ఉంటాయి, మోకాలి లోతున. కల్లం ఇంకా కిలోమీటరు ఉందనగా ముందు ఎడమ చక్రం ఒక గట్టు మీదికి ఎక్కింది. అదే సమయానికి వెనక ఎడమ చక్రం గాడిలోకి దిగాలి. పాత బార్ అయితే వదిలేది, చక్రం మర్యాదగా కిందికి వేలాడి నేలను తాకేది. నా మణికట్టంత బార్ వదల్లేదు. కుడి చక్రం ఎక్కడుంటే నువ్వూ అక్కడే ఉండమని ఎడమదాన్ని కూడా పైకి పట్టేసుకుంది. చక్రం గాడి మీద జానెడు ఎత్తున గాలిలో నిలబడింది. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదలదని సుభానీ గారు చెప్పబోయిన మాట అప్పుడు పూర్తయింది.

యాక్సిలరేటర్ తొక్కాను. ఇంజన్ బలమంతా ఆ గాలిలో చక్రానికే పోయింది. అది హాయిగా గిర్రున తిరిగింది. బండి అంగుళం కదల్లేదు.

"ఆగావేం?" అంది అత్తగారు.

"చక్రం గాలిలో ఉందత్తయ్యా."

"నాలుగు చక్రాలున్నాయి కదే, మిగతావాటితో పోనీ."

ఇంజన్ బలాన్ని వెనక చక్రాలు రెండింటికీ పంచే డిఫరెన్షియల్ గురించి ఆవిడకు వివరించడం మొదలుపెట్టాను. అవును, పడమట ఉరుముతుండగా పాఠం చెప్పాను. ఆవిడ రెండు వాక్యాలు విని, "ఆ పట్టాలు నెత్తిన పెట్టుకుని నడువు. పావుగంటలో పోతావు," అంది.

"ఐదు నిమిషాల్లో బండే తీస్తాను, చూడండి."

ఈ కథలో అసలైన తప్పు అదే. బార్ కాదు, ఆ ఐదు నిమిషాలు.

సుభానీ గారికి ఫోన్ చేశాను.

"చక్రం లేచిందా మేడమ్?" అన్నాడు, నేను నోరు తెరవకముందే. "ఏం లేదు, వెనక లింక్ రాడ్డు ఒక్కటి విప్పండి. బార్ వదిలేస్తది, చక్రం కిందికి దిగిద్ది. ఒక్క నట్టే."

"ఏ నట్టు?"

ఆయన చాలా మెల్లగా, "మీరు ఇంకో చుట్టు అన్నారే మేడమ్, ఆ నట్టు," అన్నాడు.

చీర కుచ్చిళ్ళు బిగించి బండి కిందికి దూరాను. కారుతో ఇచ్చిన పానా చెంచాకు చెల్లెలంత ఉంది. రెండు చేతులతో లాగాను. కాలుతో తన్నాను. నట్టు నా వైపు చూసి, 'విప్పాలని ఎవరికుంది?' అన్నట్టు నిలబడింది. పానా జారి మోచెయ్యి చీరుకుపోయింది. ఫోను మోగింది.

"అమ్మగారూ, ఎందాకా వచ్చారు?"

"వచ్చేశాం మార్తమ్మా, డొంకలో ఉన్నాం!" అబద్ధం కాదు కదా.

తర్వాతి ఉపాయం బరువు. "అత్తయ్యా, దిగి వెనక ఎడమ మూలన, బంపరు మీద కూర్చోండి. చక్రం దిగుతుందేమో చూద్దాం."

ఆవిడ దిగింది, కూర్చుంది. చక్రం దిగలేదు.

"ఇన్నేళ్ళూ డాక్టరు దగ్గరికి పోయినప్పుడల్లా నా బరువు గురించి కథలు కథలుగా చెప్పావు. ఇవాళ చాలలేదా?" అంది, నిమ్మకాయ కోసం సంచి వెతుక్కుంటూ.

మొదటి చినుకు నా ముక్కు మీద పడింది.

అప్పుడు, చదువూ ఉద్యోగమూ అన్నీ ఆ గాడిలో వదిలేసి, ఒక పట్టా చుట్ట నెత్తికెత్తుకుని పరుగెత్తాను. నాలుగూ మోయడం ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. వాన నాకంటే ముందే కల్లం చేరింది. బురద ఒక్కో అడుగుకూ ఒక్కో కిలో చెప్పుకు అంటుకుంది. చివరికి చెప్పులు కూడా డొంకకే ఇచ్చేశాను.

కల్లంలో మార్తమ్మా, నలుగురు ఆడవాళ్ళూ కాయను కుప్పగా దగ్గరికి తోసి కప్పుతున్నారు. వేటితో? నేను పారెయ్యమన్న జల్లెళ్ళతో. ఆమె పారెయ్యలేదు. నా మాట విననందువల్ల సగం కాయ దక్కింది. మిగతా సగం మీద వాన పడుతూనే ఉంది. ఎర్రటి నీళ్ళు కల్లం అంచునుంచి చేలోకి పారుతున్నాయి.

నేను పట్టా చుట్ట కింద పడేసి రొప్పుతూ నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఇవాళ నాకు నిద్ర పట్టేది. మార్తమ్మ ఆ కొత్త పట్టా విప్పి, సగం కాయల మీదికి లాగి, మిగిలిన కొస నా తల మీద కప్పింది.

"తడిసిపోయినారే అమ్మగారూ. పెద్దమ్మగారేరీ?"

పెద్దమ్మగారు బండిలో ఉంది. పొడిగా. ఊగకుండా.

తడిసిన కాయ తాలైంది. ఆ తాలునంతా మంచి కాయ లెక్కన నేనే తీసుకున్నాను. రెండేళ్ళు మా ఇంట్లో ఆవకాయ గోడకు వేసే సున్నం రంగులో ఉండేది. అత్తగారు ముద్ద కలుపుకున్న ప్రతిసారీ దాన్ని వెలుగులో పెట్టి చూసి, ఏమీ అనకుండా తినేది. ఆవిడ ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో మీకు తెలియదు.

సుభానీ గారు లావు బార్లు తీసి పాతవి వేశాడు. నట్లు విప్పడం ఆయన వల్ల కూడా కాలేదు. కోయాల్సొచ్చింది. కోస్తున్నంతసేపూ నేను అదే స్టూలు మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. షెడ్డులో పనివాళ్ళు పని ఆపి మరీ ఆ వింత చూశారు.

ఆ బార్లు ఇప్పుడెక్కడున్నాయంటారా? మార్తమ్మ పట్టుకుపోయింది. కల్లంలో పట్టా అంచుల మీద బరువుకు పెట్టుకుంది. మొన్న వెళితే ఎంతో మెప్పుగా చూపించింది.

"ఎంత గాలొచ్చినా పట్టా కదలదమ్మగారూ. గట్టి సామాను. ఇంకో రెండు దొరుకుతయ్యా?"

కాబట్టి ఈ ఫిజిక్స్ లెక్చరర్, కనిగిరి రోడ్డులోని సమస్త రాళ్ళ లారీల సాక్షిగా చేస్తున్న ప్రతిజ్ఞ ఇది. ఇక బతికినన్నాళ్ళూ నా బండి ఊగుతుంది, నా అత్తగారు నిమ్మకాయ వాసన చూస్తుంది, నేను నీళ్ళ సీసాతో రోడ్డు పక్కన నిలబడతాను. చేతిలో పానా ఉన్న మనిషితో "ఇంకో చుట్టు" అనే మాట మళ్ళీ నా నోట రాదు. వచ్చిందా, ఆ రోజు కల్లానికి పట్టాలు ట్రాక్టరులోనే పోవాలి, వాటి మీద కూర్చోబెట్టి నన్నూ పంపాలి.